ఇంటి సోలారుకు బ్యాటరీ, ఇన్వర్టరు: నా అనుభవం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నాలుగు రోజుల క్రితం ఫోను చేసి, "సోలారు పెట్టించుకోమని పిల్లలు పోరుతున్నారు, ఏ బ్యాటరీ కొనాలో, ఏ ఇన్వర్టరు కొనాలో తెలియడం లేదని మనవాళ్ళు రోజూ అడుగుతున్నారు. మీరు కరెంటు శాఖలో పనిచేసినవారు కదా, ఓ అరగంట చెప్పండి" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. సబ్ స్టేషన్‌లో ఆపరేటరుగా చేరి, ఆ శాఖలోనే జుట్టు నెరిసి, 2009లో రిటైరయినవాణ్ణి. అయితే ఈ విషయంలో నేను ఒకసారి బాగా మోసపోయాను. అందువల్ల మాట్లాడే అర్హత కొంత ఉందనుకుంటున్నాను.

మీలో విశాఖవాసులు 2014 అక్టోబరు 12 మరచిపోయి ఉండరు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం. మా వీధికి మళ్ళీ కరెంటు వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. మా శ్రీమతికి ఉబ్బసం ఉంది. ఆయాసం వచ్చినప్పుడు నెబులైజరు పెట్టాలి. అది కరెంటుతో నడిచే మిషను. రెండో రోజు రాత్రి ఆమెకు ఆయాసం ఎక్కువైతే, పడిపోయిన చెట్ల మధ్య నుంచి మా మేనల్లుడు స్కూటరు నడిపించుకుంటూ, జనరేటరున్న ఆసుపత్రి వెతుక్కుంటూ తీసుకెళ్ళాడు. జీవితమంతా ఊరికి కరెంటిచ్చినవాణ్ణి, ఇంట్లో చిన్న మిషను తిప్పలేకపోయానే అని ఆ రాత్రి పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

కరెంటు రాగానే, ఆ బాధలోనే, ఆ తొందరలోనే వెళ్ళి సోలారు కొన్నాను. రెండు ప్యానెళ్ళు, ఒక ఇన్వర్టరు, ఒక బ్యాటరీ. షాపతను చూపించింది లారీ బ్యాటరీ. "మాస్టారూ, లారీనే కదిలిస్తుంది, మీ ఫ్యాను తిప్పదా?" అన్నాడు. బ్యాటరీ గదిలో ఏళ్ళ తరబడి పనిచేసిన నేను ఆ మాటకు తల ఊపాను. సరిగ్గా 14 నెలలకు, 2016 జనవరిలో ఓ రాత్రి, ఆమె నెబులైజరు పెట్టుకుని ఉండగా ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. ఆమె మాస్కు తీసి, "ఏమండీ, సబ్ స్టేషన్‌కి అన్నేళ్ళు కాపలా కాశారు, ఇంటికి కాయలేకపోయారా?" అంది. కోపంగా అనలేదు. అందుకే అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తెల్లవారి ఆ బ్యాటరీ ముందు కూర్చుని ఆలోచిస్తే తప్పెక్కడ జరిగిందో తెలిసింది. లారీ బ్యాటరీ చెడ్డది కాదు. దాని పని వేరు. ఇంజను స్టార్టు చేయడానికి కొద్ది సెకన్లపాటు వందల యాంపియర్లు ఇవ్వాలి. అందుకని దానిలో పలచని పలకలు ఎక్కువగా పెడతారు. స్టార్టయిన వెంటనే డైనమో మళ్ళీ నింపేస్తుంది. అంటే అది ఎప్పుడూ దాదాపు నిండుగానే ఉంటుంది. ఇంట్లో మనం చేసేది దీనికి పూర్తిగా తిరగబడ్డ పని. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కొంచెం కొంచెంగా పీల్చి ఖాళీ చేస్తాం. అలా రోజూ లోతుగా ఖాళీ చేస్తే ఆ పలచని పలకల మీది పదార్థం రాలిపోయి అడుగున చేరుతుంది. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జి పెట్టినా కరగదు.

మనకు అర్థమయ్యే లెక్కలో చెబుతాను. బ్యాటరీ అంటే మన సేవింగ్స్ ఖాతా. ఒకటో తారీఖున పెన్షను పడగానే మొత్తం తీసి ఖర్చు చేసేవాడు ఎంతకాలం నెగ్గుకొస్తాడు? సగం వాడుకుని సగం ఉంచుకున్నవాడు నిలబడతాడు. సీసం, ఆమ్లం ఉన్న బ్యాటరీకి, అంటే లెడ్ యాసిడ్ బ్యాటరీకి, ఇదే సూత్రం. దాని మీద రాసిన దానిలో సగమే మనది. మిగతా సగం దాని ఆయుష్షుది.

ఈసారి షాపుకు వెళ్ళేముందు కాగితం, పెన్సిలు తీసుకున్నాను. మీరూ అలాగే చేయండి. షాపతను ముందు ప్యానెలు చూపిస్తాడు, తర్వాత ఇన్వర్టరు, ఆఖర్న ఏదో ఒక బ్యాటరీ అంటగడతాడు. మనం క్రమం తిప్పి వేయాలి. ముందు మన అవసరం, తర్వాత బ్యాటరీ, ఆపైన ఇన్వర్టరు, చివర ప్యానెలు.

మా అవసరం ఇలా రాసుకున్నాను. బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు రెండు, ఒక్కొక్కటి 30 వాట్లు, రాత్రి 8 గంటలు: 480. ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు, ఒక్కొక్కటి 9 వాట్లు, 4 గంటలు: 144. నెబులైజరు 120 వాట్లు, మొత్తం అరగంట: 60. సెల్‌ఫోన్లు, చిన్నాచితకా 10 వాట్లు, 8 గంటలు: 80. అన్నీ కలిపితే 764 వాట్ అవర్లు. అంటే ముప్పాతిక యూనిటు. ఇన్వర్టరు తాను కూడా కొంత తింటుంది కాబట్టి 764ని 0.85తో భాగిస్తే సుమారు 900. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే మనది కాబట్టి దానికి రెట్టింపు, 1800 కావాలి. 12 వోల్టులతో భాగిస్తే 150 ఏహెచ్. చూశారా, షాపతన్ని అడగనక్కర్లేకుండానే బ్యాటరీ సైజు తేలిపోయింది.

ఇక్కడ అమ్మలు ఒక విషయం గమనించాలి. మా ఇంట్లో పాత ఫ్యాన్లే ఉండి ఉంటే, ఒక్కొక్కటి 75 వాట్లు. రెండూ 8 గంటలు తిరిగితే 1200. మొత్తం లెక్క 1484కు పెరిగి, 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు కావలసి వచ్చేది. అంటే ఫ్యాన్లు మార్చుకోవడం ఒక బ్యాటరీ ఖర్చును మిగిల్చింది. ముందు ఇంట్లో వాడకం తగ్గించండి, తర్వాత బ్యాటరీ కొనండి. ఇక ఇస్త్రీ పెట్టె, గీజరు, మిక్సీ, నీళ్ళ మోటారు - వీటిని ఈ చిన్న సోలారు జోలికి రానివ్వకండి. ఫ్రిజ్ కూడా కలుపుతానంటే లెక్క మళ్ళీ మొదటి నుంచి వేయాలి.

ఇప్పుడు ఏ రకం బ్యాటరీ అన్నది. లెడ్ యాసిడ్‌లో ఇంటికి పనికొచ్చేది ట్యూబులర్. దానిలో పాజిటివ్ పలకలోని పదార్థాన్ని నేసిన గొట్టాల్లో బిగించి పెడతారు. అందుచేత తొందరగా రాలిపోదు. కొనేటప్పుడు మూడు చూడండి. మొదటిది, ఏహెచ్ అంకె పక్కన సి10 అని ఉందా, సి20 అని ఉందా. 150 ఏహెచ్ సి10 అంటే 15 యాంపియర్లు 10 గంటలు ఇస్తుంది. సి20 అంటే 7.5 యాంపియర్లు 20 గంటలు. నెమ్మదిగా తీస్తే ఎక్కువ వస్తుంది కాబట్టి అదే బ్యాటరీ మీద సి20 లెక్కన పెద్ద అంకె వేసుకోవచ్చు. రెండు బ్యాటరీలు పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే లెక్క అడగండి. రెండోది, తయారైన నెల. షాపులో ఛార్జి లేకుండా ఏడాది పడి ఉన్న బ్యాటరీ కొత్తది కాదు. మూడోది, గ్యారంటీ. 60 నెలలు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అందులో ఎన్ని నెలలు ఉచితంగా కొత్తది ఇస్తారు, ఎన్ని నెలలు ధరలో కొంత తగ్గింపు మాత్రమే ఇస్తారు, అది విడిగా అడిగి బిల్లు మీద రాయించుకోండి.

2016లో నేను కొన్న ట్యూబులర్ ఆరేళ్ళు పనిచేసింది. లారీ బ్యాటరీ 14 నెలలు, ఇది ఆరేళ్ళు. ఇల్లు అదే, మనుషులు అవే, ఎండ అదే.

2022లో దాన్ని మార్చవలసి వచ్చినప్పుడు లిథియం తీసుకున్నాను. లిథియంలో రకాలున్నాయి. ఇంటికి అడగవలసింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఎల్.ఎఫ్.పి. అంటారు. లిథియం రకాల్లో మంట భయం తక్కువ ఉన్నది ఇది. దీనిలో సగం కాదు, నూటికి 80 దాకా వాడుకోవచ్చు. 12.8 వోల్టులు, 100 ఏహెచ్ అంటే 1280 వాట్ అవర్లు. దానిలో 80 శాతం వెయ్యి పైన. అంటే 150 ఏహెచ్ ట్యూబులర్ చేసే పని 100 ఏహెచ్ ఎల్.ఎఫ్.పి. చేస్తుంది. కొనేటప్పుడు ధర ఎక్కువే. కానీ అది తట్టుకునే నింపడాలు, ఖాళీ చేయడాలు వేలల్లో ఉంటాయి. కాబట్టి ధరను ఏళ్ళతో భాగించి చూడాలి.

మా శ్రీమతి అడిగింది, "ఈ వయసులో మనకు పదేళ్ళ బ్యాటరీ ఎందుకండీ?" అని. నేను చెప్పిన జవాబు మీకూ పనికొస్తుంది. ట్యూబులర్ బరువు 50 కిలోల పైమాటే. నెలనెలా వంగి మూతలు తీసి నీళ్ళు చూడాలి. నా మోకాళ్ళు ఆ పనికి రాజీనామా ఇచ్చేశాయి. ఎల్.ఎఫ్.పి.కి నీళ్ళు అక్కర్లేదు, ఆమ్లం లేదు, బరువు తక్కువ. ఇంట్లో కొడుకో అల్లుడో ఉండి నెలకోసారి నీళ్ళు చూసేవాళ్ళయితే ట్యూబులర్ ఇప్పటికీ మంచి బేరమే. ముసలి దంపతులిద్దరే ఉంటే ఎల్.ఎఫ్.పి. నయం.

అయితే ఒక హెచ్చరిక. పాత ఇన్వర్టరుకే లిథియం తగిలిస్తే సరిపోదు. రెండింటికీ ఛార్జింగ్ వోల్టేజి పద్ధతి వేరు. ఇన్వర్టరులోనూ, ఛార్జి కంట్రోలరులోనూ లిథియం సెట్టింగు ఉండాలి. బ్యాటరీ లోపల బి.ఎం.ఎస్. అనే కాపలా సర్క్యూటు ఉండాలి. పాత బండ్ల నుంచి తీసిన సెల్లులు అతికించి చౌకగా అమ్మేవాళ్ళున్నారు, వాటి జోలికి పోవద్దు. కొత్త బ్యాటరీని పాత బ్యాటరీతో జత చేయవద్దు. ముసలి ఎద్దును, కోడెను ఒకే కాడికి కడితే ఏమవుతుందో అదే అవుతుంది.

ఇక ఇన్వర్టరు. నేను మొదట కొన్నది స్క్వేర్ వేవ్. చౌక. దాని మీద బల్బులు వెలిగేవి కానీ ఫ్యాను ఝుమ్మని మోత పెట్టేది, నెబులైజరు మోటారు వేడెక్కేది. మందు మిషను, మోటారు, ఎలక్ట్రానిక్ సామాను ఏదున్నా ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి. సైజు ఎంత? ఒకేసారి నడిచేవి కూడండి: ఫ్యాన్లు 60, బల్బులు 36, నెబులైజరు 120, చిన్నవి 10. మొత్తం 226 వాట్లు. ఇన్వర్టరు మీద వాట్లు కాక వీఏ రాస్తారు. 0.8తో భాగిస్తే సుమారు 283 వీఏ. మోటారు స్టార్టయ్యే క్షణంలో దాని మామూలు వాడకానికి కొన్ని రెట్లు లాగుతుంది కాబట్టి రెట్టింపు వేసుకుంటే 600 వీఏ చాలు. నేను 850 తీసుకున్నాను. "పెద్దది ఉంటే మంచిది కదా" అని మూడు వేల వీఏ కొనిపిస్తారు. పెద్ద ఇన్వర్టరు ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నా 30, 40 వాట్లు తినేస్తూ ఉంటుంది. 40 చొప్పున రాత్రి 10 గంటలకు 400. మా రెండు ఫ్యాన్లు రాత్రంతా తిరిగేది 480తోనే. ఖాళీగా కూర్చున్న వాడికి అంత మేత అనవసరం. కొనేముందు "నో లోడ్‌లో ఎన్ని వాట్లు?" అని అడగండి.

ప్యానెలు లెక్క సులభం. రోజూ తీసిన 900ను ట్యూబులర్‌లో మళ్ళీ నింపాలంటే నష్టాలు పోను 1200 దాకా పెట్టాలి. మన ప్రాంతంలో నిండు ఎండ లెక్కన రోజుకు 4 గంటలు వేసుకుని, దుమ్ము, వేడి, తీగల నష్టం నూటికి పాతిక తీసేస్తే 400 వాట్ల ప్యానెళ్ళు కావాలి. చెట్టు నీడ ఒక మూల పడ్డా ఉత్పత్తి బాగా తగ్గుతుంది, జాగ్రత్త. కంట్రోలరు ఎం.పి.పి.టి. రకమైతే ప్యానెలు ఇచ్చేదాన్ని ఎక్కువగా రాబడుతుంది.

మీలో చాలామంది అడిగే ప్రశ్న మరొకటి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్య ఘర్ పథకం ప్రారంభించింది. 1 కిలోవాటుకు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే 78 వేల రూపాయలు సబ్సిడీగా ప్రకటించింది. బిల్లు తగ్గించుకోవడానికి మంచి పథకం. కానీ అది లైనుతో కలిసి నడిచే ఆన్ గ్రిడ్ పద్ధతి. బ్యాటరీ లేని ఆన్ గ్రిడ్ సోలారు, వీధిలో కరెంటు పోతే నడి మధ్యాహ్నం ఎండలో కూడా ఆగిపోతుంది. "లక్షలు పెట్టి సోలారు వేయిస్తే కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరగడం లేదు" అని ఒక మిత్రుడు నాతో పోట్లాటకు వచ్చాడు. అది లోపం కాదు. కావాలనే అలా చేస్తారు. ఎందుకో చెబుతాను, దయచేసి శ్రద్ధగా వినండి.

నేను సర్వీసులో ఉండగా ఒక గాలివాన తర్వాత మా లైన్‌మన్ ఒకతను లైను ఆపించుకుని స్తంభమెక్కాడు. ఆ లైను చివర ఒక ఇంటివారు జనరేటరు వేసుకుని, మెయిన్ స్విచ్ తీయకుండా ప్లగ్గులోకి కలిపారు. ఆ 230 వోల్టులు సర్వీసు తీగ ద్వారా వెనక్కి ట్రాన్స్‌ఫార్మరులోకి వెళితే అవతలి వైపు వేల వోల్టులవుతుంది. అతను బతికాడు, కానీ కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకు తెలియదంతే. ఆన్ గ్రిడ్ ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోయేది ఆ చెయ్యి కోసమే. మీరు బ్యాటరీ పెట్టుకున్నా, హైబ్రిడ్ పెట్టుకున్నా, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో విడి వైరింగు చేయించి, మీ ఇంటి కరెంటు వీధిలోకి పోకుండా చూసుకోండి. రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో సాకెట్టులోకి కరెంటు ఎక్కించే పని ఏ పరిస్థితిలోనూ చేయవద్దు. మన ఇంట్లో దీపం కోసం ఇంకొకరి ఇంట్లో దీపం ఆరిపోకూడదు.

చివరిగా సంరక్షణ. ట్యూబులర్ బ్యాటరీ ఛార్జవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలి ఆడే చోట పెట్టండి. మెట్ల కింద అరలో మూసిపెట్టి, పక్కనే దేవుడి దీపం వెలిగించే ఇళ్ళు చూశాను. అది చాలా ప్రమాదం. డాబా మీద ఎండలో పెట్టవద్దు. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీల వేడికి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. పోసేది డిస్టిల్డ్ వాటరే. ఆర్.ఓ. నీళ్ళు డిస్టిల్డ్ వాటర్ కాదు. ఆమ్లం ఎప్పుడూ పోయవద్దు. బ్యాటరీ దగ్గర డి.సి.కి తగిన ఫ్యూజు తప్పనిసరి. తీగ లావుగా, పొట్టిగా ఉండాలి. 12 వోల్టులు షాకు కొట్టకపోవచ్చు గాని, స్పానరు రెండు టెర్మినళ్ళ మీద అడ్డంగా పడితే ఎర్రగా కాలిపోతుంది.

మా సబ్ స్టేషన్ బ్యాటరీ గదిలో 55 సెల్లులుండేవి, 110 వోల్టులకు. ఊరంతా చీకటైనా బ్రేకర్లు పనిచేసేది వాటి బలంతోనే. వాటిలో ఒకదాన్ని పైలట్ సెల్ అని పెట్టుకుని, ప్రతి డ్యూటీలో హైడ్రోమీటరుతో చూసి లాగ్‌షీటులో రాసేవాళ్ళం. రాయడం మానేసిన గదిలో బ్యాటరీ ముందుగా పోయేది. ఇంట్లోనూ ఒక చిన్న నోటుపుస్తకం పెట్టాను. నెలకోసారి తెల్లవారుజామున, ఎండ ఎక్కక ముందే, వోల్టేజి చూసి రాస్తాను. మనం ఏటా నవంబరులో బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం కదా! నా బ్యాటరీ నాకు నెలనెలా ఇస్తుంది.

పోయిన వానాకాలం ఒక రాత్రి కరెంటు పోయింది. ఆమె నెబులైజరు నడుస్తూనే ఉంది. పూర్తయ్యాక మాస్కు తీసి, "ఏమండీ, కరెంటు పోయిందా? నాకు తెలియనే లేదే" అంది. నేను చేసిన సర్వీసు మొత్తంలో నాకొచ్చిన పెద్ద మెప్పు అదేనని అనుకుంటున్నాను.

షాపుకు వెళ్ళేముందు మీ ఇంటి లెక్క ఒక కాగితం మీద వేసుకుని, అనుమానముంటే నెలవారీ సమావేశానికి తీసుకురండి. కూర్చుని కలిసి చూద్దాం. కూడికలు, భాగాహారాలే కదా, మనకింకా మరుపు రాలేదు.